హెచ్-ఇండెక్స్ 6 అంటే మంచి సంబంధమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ చదివి ఫార్మా కంపెనీలో చేస్తోంది. దానికో సంబంధం వచ్చింది, అబ్బాయి జర్మనీలో మాలిక్యులర్ బయాలజీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక కాంట్రాక్టు మీద చేసే పరిశోధన ఉద్యోగం). బయోడేటాలో గోత్రం, నక్షత్రం కిందే "పేపర్లు 9, సైటేషన్లు 412, హెచ్-ఇండెక్స్ 6" అని వేశారు. మా తమ్ముడు 6 అంటే మరీ తక్కువ అంటాడు, మధ్యవర్తేమో చాలా గొప్ప అంటున్నాడు. ఇది ఎంసెట్ ర్యాంకులాగా తక్కువుంటే మంచిదా, మార్కుల్లాగా ఎక్కువుంటే మంచిదా? నెట్‌లో చూసి ఒక్కో పేపరుకి ఎన్ని సైటేషన్లో లెక్క రాసుకున్నా: 290, 51, 28, 17, 11, 8, 4, 2, 1. మొదటిదాంట్లో 23 మంది పేర్లున్నాయి, అబ్బాయిది 14వది. 51 దాంట్లో ముందు పేరే అతనిది.
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మార్కులేనండీ, ఎక్కువుంటేనే మంచిది. కాకపోతే ఇవి వయసుతో పాటు పెరగడమే గానీ తగ్గని మార్కులు, అందుకే పోస్ట్‌డాక్ కుర్రాణ్ని రిటైర్మెంటుకొచ్చిన ప్రొఫెసర్‌తో పోల్చి తక్కువ అనేస్తే ఎలా, మీ తమ్ముడుగారికి చెప్పండి.

లెక్క సింపుల్. మీ లిస్టునే పైనుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ రండి, ఆరో పేపరు దగ్గర 8 ఉంది, అంటే ఆరు పేపర్లకీ కనీసం ఆరేసి సైటేషన్లు ఉన్నట్టే, ఏడో దాని దగ్గర ఏడు ఉండాలి గానీ 4 ఉన్నాయి, సో అక్కడ ఆగిపోయాం. అదే 6. 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన లెక్క ఇది.

సైటేషన్ అంటే ఎవరో తమ పేపర్లో "ఫలానా వాళ్లది చూసుకున్నాం" అని రాయడం, అంతే, గొప్పదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. 2014లో నేచర్ పత్రిక లెక్క తీస్తే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్న పేపరు 1951 నాటి లోరీ వాళ్లది, 3 లక్షలు పైనే. ఏముంది అందులో? ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. నేనూ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేశా, ట్యూబులో శాంపిల్, దాంట్లో కాపర్ ద్రావణం పోసి 10 నిమిషాలు, ఆ తర్వాత ఫోలిన్ రీఏజెంట్ వేసి అరగంట కూర్చోవాలి, మెల్లగా నీలం రంగు తిరుగుతుంది, ఎంత ముదురైతే అంత ప్రొటీన్. ఈ పని చేసిన ప్రతివాడూ పేపర్లో లోరీ పేరు రాయాల్సిందే, అలా పెరిగిపోయింది. డీఎన్ఏ డబుల్ హీలిక్స్ అని చెప్పిన 1953 వాట్సన్-క్రిక్ పేపరుకి మాత్రం ఆ టాప్ 100లో చోటే లేదు!

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిదీ ఇదే కథ. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు (అదీ నీలం రంగే, చూడండి), అది వేల పేపర్లలో కనిపిస్తుంది. కానీ అక్కడ ఎల్లాప్రగడ ఉండదు, "ఫిస్కే అండ్ సుబ్బారో" అని ఉంటుంది, ఇంటిపేరు వై అనే ఒక్క అక్షరం అయిపోయింది. మనవాళ్లందరికీ ఇదే తలనొప్పి, ఒక పేపర్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో స్పెల్లింగే వేరు, దాంతో పేపర్లూ సైటేషన్లూ చూపించే గూగుల్ స్కాలర్‌లో ఒకే రావుగారి ఖాతాలో పక్క రావుగారి పేపర్లు కూడా చేరిపోతుంటాయి. అందుకే ఆ తొమ్మిదీ అబ్బాయివేనా అన్నది కూడా ఓసారి చూసుకోండి, ఆర్కిడ్ (ORCID) నంబరుంటే, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు నంబరు, ఈ గొడవ ఉండదు.

ఇక 290 సంగతి. ఈ ఫీల్డులో మామూలుగా ముందు పేరు ల్యాబ్ బెంచి దగ్గర నిలబడి పనిచేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపే పెద్దాయనది. 23 మందిలో 14వ వాడంటే ఏదో ఒక చెయ్యి వేశాడన్నమాట, తప్పేం కాదు, కానీ 412లో 290 దానివల్లే వచ్చాయి. నేనైతే 51 దాన్నే చూస్తా, అది అతని సొంత కష్టం. ఆ 51 సైటేషన్లలోనూ ఎన్ని బయటివాళ్లు రాశారు, ఎన్ని వాళ్ల ల్యాబువాళ్లే రాసుకున్నారు అన్నది చూడాలి. పైగా గూగుల్ స్కాలర్‌లో థీసిస్‌లు గట్రా కూడా లెక్కలోకొస్తాయి, అదే మనిషికి ఎంచిన పత్రికలనే లెక్కపెట్టే వెబ్ ఆఫ్ సైన్స్‌లో నంబరు సాధారణంగా తక్కువే ఉంటుంది.

మీ అమ్మాయి ఎమ్మెస్సీ కదా, ఆ 51 పేపరు తనకే ఇచ్చి చదవమనండి, పెళ్లిచూపుల్లో దాని గురించే అడగమనండి. మీరు మాత్రం పోస్ట్‌డాక్ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి, అది బయోడేటాలో వెయ్యరు.