బీపీ మందు పడకపోతే అమెరికా డాక్టరుకు ఏం చెప్పాలి?

మిర్యాలగూడ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో అమ్మానాన్నలను తెచ్చుకున్న పిల్లలు తరచూ అడిగే సంగతి ఇది. ఊళ్లో ఏళ్లుగా టెల్మిసార్టాన్ వేసుకున్న నాన్నకు, తెచ్చుకున్నవి అయిపోయాక ఇక్కడి డాక్టరు లిసినోప్రిల్ రాస్తారు. ఈ దేశంలో బీపీకి విరివిగా రాసే మందుల్లో అదొకటి. కొన్ని వారాలకు పొడి దగ్గు పట్టుకుంటుంది. ఇక్కడి చలి పడలేదనుకుని ఇంట్లోవాళ్లు మిరియాల కషాయం కాచి పోస్తుంటారు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి ‘ప్రిల్’ మందులన్నిటితోనూ సుమారు పది మందిలో ఒకరికి ఈ దగ్గు వస్తుంది. ఇది అలర్జీ కాదు. డాక్టరు మందు మారిస్తే మెల్లగా పోతుంది. కషాయం దండగ.

భయపడాల్సింది వాపుకు. ఇవే మందులతో అరుదుగా పెదవులు, నాలుక, గొంతు వాస్తాయి. దద్దుర్లు, దురద ఉండవు కాబట్టి ఏదో పురుగు కుట్టిందనుకుంటారు. మొదటి వారంలోనే రావాలని లేదు, ఏళ్ల తరబడి వాడాక కూడా రావచ్చు. ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుపోయి వచ్చే వాపు ఇది, ఇంట్లోని అలర్జీ మాత్రకు లొంగుతుందని నమ్మకండి. బీమా ఎంత ఇస్తుందో లెక్కలు తర్వాత వేసుకోవచ్చు, ముందు 911కు ఫోన్ చేయండి. కోలుకున్నాక మళ్లీ ఏ ‘ప్రిల్’ మందూ ముట్టకూడదు.

ఆమ్లోడిపిన్ అనే మరో బీపీ మందుతో చీలమండలు వాయడం వేరు. డాక్టరుకు చెప్పాల్సిందే, కానీ ఆసుపత్రి ఫారంలో అలర్జీల గడిలో దాన్నీ రాసేస్తే మంచి మందొకటి ఊరికే దూరమవుతుంది. ఏ మందు, వేసుకున్న ఎన్నాళ్లకు, ఎక్కడ ఏమైంది, ఈ మూడూ విడమరిచి చెప్పండి.

అసలు చిక్కు మందు పేరు దగ్గరే. నల్లగొండ మెడికల్ షాపులో కత్తెరతో షీటు కత్తిరించి అయిదు మాత్రలు చేతిలో పెడతారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, మనకు వచ్చేది సగం అక్షరాల వెండి రేకు. విమానం ఎక్కకముందే పూర్తి షీట్లు కొనిపించండి, రెండు వైపులా ఫొటో తీయించండి. మన బ్రాండు పేరు ఇక్కడి ఫార్మసీకి అక్కరకు రాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరే కావాలి.

అనుమానం రాగానే ఉన్నవన్నీ మానేయడం మనవాళ్లకు అలవాటు. అటెనొలాల్, మెటొప్రొలాల్ అనే బీపీ మందులను ఒక్కసారిగా ఆపితే గుండెకే ముప్పు. దగ్గు, కాళ్ల వాపు లాంటివైతే ముందు డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. పెదవి వాస్తే మాత్రం తర్వాతి మాత్ర వేయకుండా, ఆ సీసా పట్టుకునే అంబులెన్స్ ఎక్కించండి.