మడమ ఎముక విరిగితే పెద్ద కోతా, చిన్న కోతా?
గోడ దూకి మడమ ఎముక విరిగింది, పెద్ద కోతతో ప్లేటు వేయించాలా, చిన్న కోత చాలా అని అడిగారు. మడమ ఎముక పైనుండే కీలు ఎంత చెదిరిందో సీటీ స్కాన్ చూస్తేనే తేలుతుంది.

పాత పద్ధతిలో మడమ బయటి పక్కన ‘ఎల్’ ఆకారంలో కోసి ప్లేటు బిగిస్తారు. ముక్కలన్నీ ఎదురుగా కనిపిస్తాయి కాబట్టి సర్దడం తేలిక. చిక్కల్లా చర్మంతోనే. అక్కడది పల్చన; కోత మూల నల్లబడి, మానక, చీము పట్టొచ్చు. సిగరెట్, షుగర్ ఉంటే మరీను.

చీలమండ కింద చిన్న కోతతో చేస్తే ఈ బెడద బాగా తగ్గుతుంది. ముక్కలు మరీ ఎక్కువ కాకపోతే నా ఓటు దీనికే. కీలు పెద్దగా చెదరకపోతే చర్మం మీంచే స్క్రూలు దించేస్తారు.

పెద్ద కోతకైతే వాపు దిగి చర్మం ముడతలు పడేదాకా, అంటే వారం రెండు వారాలు ఆగాలి. విరిగిన ముక్క మడమ వెనకవైపు చర్మాన్ని పొడుచుకొస్తుంటే మాత్రం ఆగకూడదు, అది ఎమర్జెన్సీ.