టెక్ సందేహాలు: పాత హిటాచీకి ఏ ఆయిల్ పోయాలి, పార్టు నంబరు ఎక్కడ వెతకాలి?

ఈసారి ఫోన్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. పాత ప్రొక్లెయిన్లు, డోజర్లు నడుపుకుంటున్నవాళ్లు పంపిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. బండి ఆగితే రోజు కూలీ, ఈఎంఐ రెండూ మీదపడే జీవితాలు వీళ్లవి, అందుకే వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న (చీమకుర్తి నుంచి): సెకండ్ హ్యాండ్‌లో టాటా హిటాచీ ఈఎక్స్200 ప్రొక్లెయిన్ కొన్నాను. బండితో పుస్తకం రాలేదు. నెట్‌లో దొరికిన పీడీఎఫ్ చూసి ఇంజిన్ గాస్కెట్ కిట్ తెప్పిస్తే సరిపోలేదు. సరైన నంబరు ఎలా కనుక్కోవాలి?

మీ పీడీఎఫ్ తప్పు కాదు, అది వేరే బండిది. ఈఎక్స్200 పేరుతో చాలా తరాల బండ్లు వచ్చాయి. జపాన్‌లో తయారైనవాటికి ఇసుజు ఇంజిన్, మన దగ్గర టాటా వాళ్లు ఇచ్చినవాటిలో చాలావాటికి కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్. నెట్‌లో తిరిగే మాన్యువల్స్ ఎక్కువగా జపాన్ బండ్లవి, పైగా అక్కడి నుంచి పాతవి దిగుమతి చేసుకుని ఇక్కడ అమ్మినవీ ఉన్నాయి. కాబట్టి మోడల్ పేరుతో ఏదీ కొనకండి.

బండికి ఒక ప్లేటు, ఇంజిన్‌కి ఒక ప్లేటు, హైడ్రాలిక్ పంపుకి ఇంకో ప్లేటు ఉంటాయి. మూడింటినీ డీజిల్ గుడ్డతో తుడిచి, టార్చ్ పక్క నుంచి వేసి ఫొటోలు తీయండి (ఎదురుగా వెలుగు పడితే చెక్కిన అంకెలు కనిపించవు). కమిన్స్ అయితే ప్లేటు మీద ఈఎస్ఎన్ అని ఇంజిన్ సీరియల్ నంబరు, సీపీఎల్ అని ఇంకో నంబరు (ఆ ఇంజిన్‌ని ఏ పార్టుల జాబితాతో కట్టారో చెప్పేది) ఉంటాయి. కమిన్స్ వాళ్ల క్విక్‌సర్వ్ ఆన్‌లైన్‌లో ఈఎస్ఎన్ కొడితే ఫ్యాక్టరీలో ఆ ఇంజిన్‌కి ఏమేం బిగించారో నంబర్లతో సహా వస్తుంది. ప్లేటు ఊడిపోయిందా? ఆయిల్ కూలర్ హౌసింగ్ పైన బ్లాక్ మీద చూడండి, అక్కడ కూడా సీరియల్ కొట్టి ఉంటుంది.

మీది కమిన్స్ అయితే మీకొక వెసులుబాటు ఉంది. ఇదే ఇంజిన్ కుటుంబం టాటా లారీల్లోనూ తిరిగింది కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు విజయవాడ ఆటోనగర్‌లో లారీ పార్టుల షాపుల్లోనే అడగొచ్చు. కానీ టర్బో, ఫ్యూయల్ పంపు, ఆయిల్ పాన్ లాంటివి లారీకి, ప్రొక్లెయిన్‌కి తేడా ఉండొచ్చు, వాటికి సీపీఎల్ చెప్పకుండా డబ్బు కట్టొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇనుప పార్టు మీద ఉబ్బెత్తుగా కనిపించే నంబరు చాలాసార్లు పోత పోసినప్పటి నంబరు, పార్టు నంబరు కాదు. ఒకే పోతను రెండు మూడు రకాలుగా మెషినింగ్ చేసి వేర్వేరు పార్టులుగా అమ్ముతారు. ఆ నంబరుతో ఆర్డర్ పెట్టి నష్టపోయినవాళ్లు చాలామంది. బేరింగ్ అయితే భయం తక్కువ, రింగు అంచు మీద ఉన్నదే అసలు నంబరు, మామూలు సైజు బేరింగులకు అది చాలావరకు అన్ని కంపెనీలకూ ఒకటే. ఆయిల్ సీల్‌కి లోపలి కొలత, బయటి కొలత, మందం మిల్లీమీటర్లలో ఉంటే చాలు, హైదరాబాద్ రాణిగంజ్‌లో కంపెనీ పేరు లేకుండానే అడగొచ్చు. ఫిల్టర్లకు ఫ్లీట్‌గార్డ్, డొనాల్డ్‌సన్ సైట్లలో పాత నంబరు కొడితే సమానమైనది చూపిస్తాయి. మర (థ్రెడ్), గాస్కెట్ సైజు కలిసినంత మాత్రాన సరిపోదు, లోపలి బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్క దారిలో పంపేది) ఎంత ప్రెషర్‌కి తెరుచుకుంటుందో కూడా కలవాలి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): హైడ్రాలిక్ ఆయిల్ తెల్లబడింది. మార్చుదామంటే మెకానిక్ 68 అంటాడు, షాపు ఆయన 46 అంటాడు, ఆపరేటర్ ఇంజిన్ ఆయిల్ పోసినా నడుస్తుందంటాడు. ఎవరి మాట వినాలి?

ముందు తెల్లబడటం సంగతి. నీళ్లు కలిస్తే ఆయిల్ మజ్జిగలా అవుతుంది, గాలి కలిసినా నురగతో తెల్లగానే కనిపిస్తుంది. సీసాలో పట్టి అరగంట పక్కన పెట్టండి. గాలి అయితే తేటపడుతుంది. అనుమానం తీరకపోతే వేడి ఇనుప రేకు మీద ఒక చుక్క వేయండి, చిటపటమంటే నీళ్లే. ప్రొక్లెయిన్లలో సాధారణంగా ఆయిల్ కూలర్ రేడియేటర్ పక్కన గాలితో చల్లబడే రకం, కాబట్టి రేడియేటర్ నీళ్లు అందులోకి వెళ్లే దారి లేదు. ట్యాంకు మూత రబ్బరు, బ్రీదర్ (ట్యాంకులోకి గాలి వచ్చిపోయే భాగం), సిలిండర్ రాడ్ సీళ్లు చూడండి. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టుకోకుండా కొత్త ఆయిల్ పోస్తే మళ్లీ అదే కథ.

46, 68 అంటే 40 డిగ్రీల దగ్గర ఆ ఆయిల్ చిక్కదనం, అంతే. 68 మంచిది, 46 తక్కువది అని కాదు. ఈఎక్స్ బండ్లకు మామూలుగా 46 యాంటీవేర్ (అరుగుదల తగ్గించే మందు కలిపిన) ఆయిలే. మెకానిక్ 68 అనడానికి కారణం తెలుసు, అరిగిన పంపుకి చిక్కటి ఆయిల్ పోస్తే మధ్యాహ్నం ఎండలో కాస్త శక్తి నిలబడుతుంది. అది అరుగుదలను దాచడమే, తగ్గించడం కాదు. పైగా పొద్దున్నే చల్లటి బండిలో చిక్కటి ఆయిల్ పంపుకి సరిగ్గా అందదు. ఇంజిన్ ఆయిల్ మాట కూడా ఊరికే పుట్టలేదు, పాత క్యాటర్‌పిల్లర్ డోజర్ల పుస్తకాల్లో హైడ్రాలిక్స్‌కి 10డబ్ల్యూ ఇంజిన్ ఆయిలే రాసి ఉంటుంది. కానీ షాపులో దొరికే 15డబ్ల్యూ-40 దానికంటే చాలా చిక్కన, మీ హిటాచీలో అది పోయకండి.

మార్చేటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే అంతా పోయిందనుకోవద్దు. సిలిండర్లలో, పైపుల్లో, మోటార్లలో చాలా ఆయిల్ మిగిలే ఉంటుంది, నీళ్లు కలిసిన బండిలో ఒక్కసారి మారిస్తే శుభ్రం కాదు. ట్యాంకు అడుగున సక్షన్ జల్లెడ తీసి కడగండి, రిటర్న్ ఫిల్టర్ (ట్యాంకుకి తిరిగొచ్చే ఆయిల్‌ది), పైలట్ ఫిల్టర్ (లివర్ల కంట్రోల్ లైన్‌ది) రెండూ మార్చండి. మూత తీసే ముందు ట్యాంకులోని ప్రెషర్ వదలండి.

ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది, దయచేసి రెండుసార్లు చదవండి: కొత్త ఆయిల్ పోశాక స్టార్ట్ చేసే ముందు, పంపు పైన ఉండే గాలి ప్లగ్ తీసి పంపు కేసు ఆయిల్‌తో నిండిందో లేదో చూడాలి, నిండకపోతే అక్కడి నుంచే పోయాలి. పొడి పంపును స్టార్ట్ చేస్తే కొద్ది సేపట్లోనే లోపల గీతలు పడతాయి, పంపు రిపేర్ ఖర్చు ముందు ఆయిల్ ఖర్చు ఏపాటిది. స్టార్ట్ అయ్యాక తక్కువ రేసులో ఒక్కో లివర్‌ని మెల్లగా ఆడించండి.

లెవెల్ చూసే భంగిమ కంపెనీని బట్టి మారుతుంది. హిటాచీలో ఆర్మ్ సిలిండర్ పూర్తిగా ముడిచి, బకెట్ సిలిండర్ పూర్తిగా చాచి, బకెట్ నేల మీద పెట్టి చూడాలి. కొమాట్సులో వేరు. ట్యాంకు దగ్గరి స్టిక్కర్ చూడండి. తీసిన పాత ఆయిల్‌ని చెరువు గట్టున, పొలంలో పారబోయకండి, డ్రమ్ముకి పట్టి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకి ఇవ్వండి.

ప్రశ్న (అనంతపురం నుంచి): చైన్ తిప్పే ఫైనల్ డ్రైవ్‌లో ఆయిల్ ఎంత పోయాలో లీటర్లలో చెప్పండి.

లీటర్లు కాదు, ప్లగ్ చెబుతుంది. సమతల నేల మీద బండిని కొద్దికొద్దిగా కదిపి డ్రెయిన్ ప్లగ్ అట్టడుగుకి వచ్చేలా ఆపండి. చల్లారనివ్వండి, లోపల ప్రెషర్ ఉంటుంది, ప్లగ్‌కి ఎదురుగా నిలబడకుండా మెల్లగా వదులు చేయండి. లెవెల్ ప్లగ్ నుంచి పొర్లేదాకా కొత్తది పోయాలి. హిటాచీకి 90 గేర్ ఆయిల్, జీఎల్-4 (డబ్బా మీద రాసి ఉండే గేర్ ఆయిల్ తరగతి). షాపు ఆయన జీఎల్-5 ఇంకా మంచిదని ఇస్తే ఆగండి, అందులో గంధకం మందు ఎక్కువ, కొన్ని పాత గేర్‌బాక్సుల్లో ఇత్తడి, కంచు భాగాలకు అది పడదు. పాత ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి బూడిద రంగు పేస్టు మామూలే, వేలికి తగిలే ముక్కలు వస్తే బండి పనిలో పెట్టకండి.

ప్రశ్న (కొత్తగూడెం నుంచి): పాత డోజర్ పుస్తకంలో సీడీ ఆయిల్ (డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో పాత తరగతి) అని ఉంది, ఇప్పుడు దొరకదు. సీకే-4 పోశాక ఒక పక్క స్టీరింగ్ జారుతోంది.

ఇంజిన్ వరకు ఇబ్బంది లేదు, సీఐ-4 గానీ సీకే-4 గానీ సీడీ కంటే మెరుగే. మీరు అదే ఆయిల్‌ని స్టీరింగ్ క్లచ్‌ల్లో కూడా పోశారనుకుంటున్నాను. ఆయిల్‌లో మునిగి తిరిగే క్లచ్‌లకు రాపిడి కావాలి, ఇప్పటి ఇంజిన్ ఆయిళ్లు ఆ పనికి చేసినవి కావు. పుస్తకంలో ఉన్న గ్రేడులోనే, టీవో-4 (ఇలాంటి క్లచ్‌లకు సరిపడే ఆయిల్ తరగతి) అని రాసి ఉన్న ఆయిల్ అడగండి. అది పోశాక కూడా జారితే ఆయిల్ తప్పు కాదు, ప్లేట్లు అరిగాయి, లేదా సర్దుబాటు తప్పింది.

ప్రశ్న (నల్గొండ నుంచి): అవర్ మీటర్ పనిచేయదు. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే యాప్ ఉందా?

యాప్ కంటే ముందు మీటరు పెట్టించండి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా కలిపితే ఇంజిన్ తిరిగినప్పుడే లెక్కిస్తుంది, తాళం తిప్పి పాటలు వింటే లెక్కించదు. వైర్లు వద్దనుకుంటే వైబ్రేషన్‌తో తిరిగే చిన్న మీటర్లు దొరుకుతాయి. తర్వాత ఫోన్‌లో గూగుల్ షీట్ ఒకటి చాలు: తేదీ, మీటర్, ఏం మార్చారు, ఏ బ్రాండు, ఎన్ని లీటర్లు. ఆపరేటర్‌తో కూడా షేర్ చేయండి. ఇంజిన్ ఆయిల్‌కి 250 గంటలు చాలా బండ్లకు సరైన లెక్క.

ప్రశ్న (ఒంగోలు నుంచి): వాట్సాప్‌లో పాత చైన్ ఫొటో పెట్టి ఈఎక్స్200కి సరిపోతుందంటున్నారు. అడ్వాన్స్ పంపొచ్చా?

ఫొటోకి పంపకండి. వీడియో కాల్‌లో టేపు పెట్టించి, ఒక పిన్ను మధ్య నుంచి నాలుగు లింకుల అవతలి పిన్ను మధ్య దాకా కొలిపించి నాలుగుతో భాగించండి. ఈఎక్స్200 చైన్ కొత్తగా ఉన్నప్పుడు సుమారు 175 మిల్లీమీటర్లు, కొమాట్సు పీసీ200ల్లో చాలావాటిది 190. 190 దగ్గర వస్తే అది మీ స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) మీద కూర్చోదు, ఎంత చౌకైనా వద్దు. 175కి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తే పిన్నులు, బుష్‌లు బాగా అరిగాయని అర్థం, ఆ ధరకి బేరం ఆడండి లేదా వదిలేయండి.