మాడిసన్‌ని ఒక్క వాక్యంలో దాటేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా తొలి పార్టీల తగాదా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. వాక్యం తడబడలేదు, సంవత్సరాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ చదువుతున్నంతసేపూ పద్యనాటకంలో కౌరవులు ఒక పక్క, పాండవులు ఒక పక్క బారులు తీరినట్టే అనిపించింది. అటు ఆర్థికమంత్రి హామిల్టన్, ఆయన ఫెడరలిస్టు పార్టీ, బ్యాంకు, బలమైన కేంద్రం. ఇటు విదేశాంగ మంత్రి జెఫర్సన్, ఆయన వెంట ఆనాటి రిపబ్లికన్లు, రాష్ట్రాలు, రైతులు, స్వేచ్ఛ. ఎవరెక్కడ నిలబడాలో మొదటి పేరాలోనే తేల్చేశావు. ఆ తర్వాత ఒక్కరూ కదల్లేదు. నిజానికి 1787 నుంచి 1817 దాకా ఆ ముప్పై ఏళ్లలో నిలబడ్డ చోటే నిలబడిపోయిన నాయకుడు అరుదు.

తర్వాత అధ్యక్షుడు కూడా అయిన జేమ్స్ మాడిసన్‌ని "జెఫర్సన్ అనుచరుడు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే వ్యాసమంతా ఆయన మీదే నడుపుతాను.

1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడు ఆయన కేంద్రం పక్షమే. రాష్ట్రాలు చేసే చట్టాలను కొట్టేసే అధికారం కాంగ్రెస్‌కు, అంటే కేంద్ర చట్టసభకు, ఉండాలని పట్టుబట్టాడు. ఆ రాజ్యాంగాన్ని జనం చేత ఒప్పించడానికి హామిల్టన్, జాన్ జేలతో కలిసి పబ్లియస్ అనే ఒకే కలం పేరుతో రాశాడు. అవి మొత్తం 85 వ్యాసాలు. అందులో 44వది ఆయనదే. ఒక పని చేసే అధికారం ఇచ్చాక, ఆ పనికి కావలసిన మార్గాలు కూడా ఇచ్చినట్టేనని అందులో వాదించాడు. మూడేళ్లు తిరిగాయి. 1791 ఫిబ్రవరిలో హామిల్టన్ జాతీయ బ్యాంకు బిల్లు ప్రతినిధుల సభకు వచ్చింది. మాడిసన్ లేచి, బ్యాంకు పెట్టే అధికారం రాజ్యాంగంలో ఎక్కడుందని అడిగాడు. న్యూజెర్సీ సభ్యుడు ఎలియస్ బౌడినాట్ ఆ 44వ వ్యాసాన్నే సభలో ఎత్తి చూపించాడు. ఈ సంగతి నీ వ్యాసంలో లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది.

ఆ మూడేళ్లలో ఏం జరిగిందో పాఠకుడికి చెప్పాలి. స్వాతంత్ర్య యుద్ధానికి రాష్ట్రాలు చేసిన అప్పులు, సుమారు 2.5 కోట్ల డాలర్లు, కేంద్రమే నెత్తిన వేసుకోవాలని హామిల్టన్ 1790లో ప్రతిపాదించాడు. మసాచుసెట్స్, దక్షిణ కరోలినాలకు అది పెద్ద ఊరట. అప్పు చాలావరకు తీర్చేసుకున్న వర్జీనియాకు మాత్రం పొరుగువాడి బాకీ కట్టమన్నట్టయింది. పైగా జీతానికి బదులు సైనికులకు ఇచ్చిన అప్పు పత్రాలను వ్యాపారులు కారుచౌకగా కొనేసి ఉన్నారు. ఇప్పుడు పూర్తి సొమ్ము వాళ్లకే అందబోతోంది. మాడిసన్‌ది వర్జీనియా. తను రాసిన కేంద్రం ఎవరికి పనికొస్తోందో ఆయన కళ్లారా చూశాడు. సిద్ధాంతం మారడానికి ముందు లెక్కల పుస్తకం మారిందని గమనించు.

రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకు, అప్పులు కేంద్రానికి అంటూ జెఫర్సన్ ఇంట్లో జరిగిన విందు బేరాన్ని బాగా రాశావు. సంభాషణలు మాత్రం తీసెయ్. ఆ విందు గురించి మనకున్న వృత్తాంతం జెఫర్సన్ తర్వాత రాసుకున్నదే. తన్ను హామిల్టన్ మోసపుచ్చాడని నమ్మినవాడు రాసిన మాట అది. ఆ సంగతి చెప్పి వాడుకుంటే సరి.

బ్యాంకు మీద అధ్యక్షుడు వాషింగ్టన్ అడిగిన అభిప్రాయాల దగ్గర తొందరపడ్డావు. వాదానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. కాంగ్రెస్ తన అధికారాలను అమలు చేయడానికి "అవసరమైన, తగిన" చట్టాలు చేయవచ్చని రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో విభాగం చెబుతుంది. అది లేకపోతే అధికారమే వృథా అయ్యేటంతటి అవసరం ఉండాలనీ, కేవలం సౌకర్యం చాలదనీ జెఫర్సన్ అన్నాడు. అటార్నీ జనరల్ రాండాల్ఫ్ కూడా బ్యాంకు చెల్లదన్నాడు. రాజ్యాంగం అప్పగించిన లక్ష్యానికి నేరుగా తోడ్పడే సాధనమైతే, రాజ్యాంగం దాన్ని నిషేధించకపోతే చాలునని హామిల్టన్ జవాబు. ఫిబ్రవరి 25న వాషింగ్టన్ సంతకం పెట్టాడు. నువ్వు హామిల్టన్ వాదాన్ని రెండు ముక్కల్లో చెప్పి, వెంటనే వెక్కిరించావు. నీకు నచ్చని వాదాన్ని, అది చేసినవాడు చదివినా అవునని ఒప్పుకునేంత బలంగా రాయి. తర్వాత నీ మాట చెప్పు.

పత్రికల గొడవ నాకు సరదాగా అనిపించింది, ఇంకాస్త రాయొచ్చు. జెఫర్సన్ విదేశాంగ శాఖలో ఏడాదికి 250 డాలర్ల జీతంతో అనువాద గుమాస్తాగా చేరిన కవి ఫిలిప్ ఫ్రెనో అదే ఊళ్లో పత్రిక పెట్టి, అదే ప్రభుత్వ ఆర్థికమంత్రిని ఉతికి ఆరేశాడు! పార్టీ అన్న మాటే రాజ్యాంగంలో లేదు. పార్టీలంటే అందరూ ఈసడించుకుంటూనే వాటిని కట్టుకున్నారు.

మన కేంద్ర–రాష్ట్ర తగాదాలతో పోల్చిన పేరా కొట్టెయ్. అక్కడి పదో సవరణ, కేంద్రానికి ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలకో ప్రజలకో చెందుతాయంటుంది. మన రాజ్యాంగం 248వ అధికరణం మిగులు శాసనాధికారాన్ని పార్లమెంటుకు కట్టబెట్టింది. పునాదులే వేరు.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట. "రైతుల పార్టీ" అని పదేపదే రాశావు. జెఫర్సన్, మాడిసన్ల పొలాల్లో చెమటోడ్చింది బానిసలు. వ్యాసం మొత్తంలో వాళ్ల ఊసు లేదు. ప్రతినిధుల సంఖ్య లెక్కించేటప్పుడు ప్రతి బానిసనూ ఐదింట మూడు వంతుల మనిషిగా కలిపారు. దాంతో దక్షిణాదికి అధ్యక్ష ఎన్నికలో కూడా ఓట్లు పెరిగాయి. 1800 ఎన్నికలో జెఫర్సన్‌కు 73, అప్పటి అధ్యక్షుడు, ఫెడరలిస్టు అయిన ఆడమ్స్‌కు 65. ఆ అదనపు ఓట్లు లేకుంటే ఆడమ్సే గెలిచేవాడని లెక్కగట్టిన చరిత్రకారులున్నారు. రాష్ట్రాల హక్కుల గురించి రాస్తూ దీన్ని వదిలేయడం కుదరదు.

ఫెడరలిస్టులు తెచ్చిన 1798 రాజద్రోహ చట్టం మీద నీ కోపం న్యాయమే. అధ్యక్షుడినీ కాంగ్రెస్‌నూ దూషిస్తే శిక్ష, ఉపాధ్యక్షుడిని దూషిస్తే ఏమీ లేదు. అప్పుడు ఉపాధ్యక్షుడు జెఫర్సన్! కేంద్రం హద్దు మీరితే రాష్ట్రాలు అడ్డుకోవచ్చంటూ ఆ చట్టానికి వ్యతిరేకంగా కెంటకీ తీర్మానాలు జెఫర్సన్, వర్జీనియా తీర్మానం మాడిసన్ పేర్లు దాచుకుని రాశారు. తర్వాత 1832లో దక్షిణ కరోలినా కేంద్ర సుంకాల చట్టం తమ గడ్డ మీద చెల్లదని ప్రకటించి, ఆ తీర్మానాలనే చూపించింది. అప్పటికి ఎనభై దాటిన మాడిసన్ మా ఉద్దేశం అది కాదని మొత్తుకున్నాడు.

1803లో లూసియానాను 1.5 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, రాజ్యాంగంలో లేని అధికారం కేంద్రం వాడకూడదన్న తన సిద్ధాంతాన్ని జెఫర్సన్ పక్కన పెట్టడం, 1814లో హార్ట్‌ఫర్డ్‌లో ఫెడరలిస్టులు రాష్ట్రాల హక్కులు మాట్లాడటం అందరూ రాసేవే. పేరాలో సగం చాలు.

అలాగని "అంతా అవకాశవాదులే" అని తేల్చేయకు. 1815లో అధ్యక్షుడిగా మాడిసన్ ఒక బ్యాంకు బిల్లును తిప్పికొట్టాడు, అయితే రాజ్యాంగ కారణంతో కాదు. చట్టసభలు, ప్రభుత్వం, కోర్టులు, ప్రజలు ఇన్నేళ్లుగా ఒప్పుకున్నాక ఆ ప్రశ్న తేలిపోయిందన్నాడు. మరుసటి ఏడాది రెండో బ్యాంకుకు సంతకం పెట్టాడు. 1817 మార్చి 3న, పదవి దిగే ముందు రోజు, రోడ్లకూ కాలువలకూ కేంద్రం డబ్బిచ్చే బిల్లు వచ్చింది. రోడ్లు మంచివేనని ఒప్పుకుంటూనే, ఆ అధికారం రాజ్యాంగంలో లేదని వీటో చేశాడు. బ్యాంకుకు దొరికిన సమ్మతి రోడ్లకు ఇంకా దొరకలేదని ఆయన లెక్క కాబోలు. నాకు ఇది పూర్తిగా నప్పలేదు, కానీ నిజాయితీ లేని మాటగా తోచదు.

1791 ఫిబ్రవరి 2 ప్రసంగం, 1815, 1817 వీటో సందేశాలు, ఈ మూడూ మూలంలోనే చదువు. సందేశాలు చిన్నవే, ప్రసంగానికి ఒక పూట పడుతుంది. హామిల్టన్ పేరా ముందు తిరగరాసి అదొక్కటే పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఉంటాను.