శాంతస్వభావులకూ వంశపారంపర్యంగా బీపీ ఎందుకు వస్తుంది?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తాతయ్య బీపీ వల్ల పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. నాన్నగారికి నలభై నిండకముందే బీపీ వచ్చింది. ఇప్పుడు అన్నయ్యకూ 38 ఏళ్లకే మొదలైంది. కోపిష్ఠులకే బీపీ వస్తుందని ఊళ్లో అంటారు గానీ నాన్నగారు ఎవరినీ పల్లెత్తు మాట అనరు. మెదడులోని రసాయనాల తేడాల వల్ల బీపీ తరతరాలుగా వస్తుందని చదివాను. అది విని అన్నయ్య, మనసు ప్రశాంతంగా ఉంచుకుంటే చాలు, మాత్రలు ఎందుకంటున్నాడు. ఇది సరైనదేనా? నాకు 33 ఏళ్లు. ఆ రసాయనాలకు పరీక్ష ఏమైనా ఉందా?
- ఒక ఉపాధ్యాయురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కోపం వచ్చినప్పుడు ఎవరికైనా రక్తపోటు కాసేపు పెరిగి తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండిపోయే రక్తపోటు వేరు. అందులో మెదడుకు పాత్ర ఉందన్నది నిజమే. అయితే ఆ పాత్ర ముఖ్యంగా మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసేచోట, మన ఎరుకతో పనిలేకుండా నడిచే మెడుల్లా అనే భాగానిది.

మెడలోని ధమనుల్లోనూ, గుండె నుంచి బయలుదేరే మహాధమనిలోనూ రక్తనాళం గోడ సాగడాన్ని పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి. పీడనం పెరగగానే అవి మెడుల్లాకు కబురు పంపుతాయి. గుండెకు, రక్తనాళాలకు, మూత్రపిండాలకు వెళ్లి రక్తపోటును పెంచే సింపథెటిక్ నాడులను ఉత్తేజపరిచే కణాలు అక్కడే ఉన్నాయి. గాబా అనే రసాయనం వాటిని అణచిపెడుతుంది, గ్లుటమేట్, యాంజియోటెన్సిన్-2 వంటి రసాయనాలు రెచ్చగొడతాయి. అణచే శక్తి తగ్గినా, రెచ్చగొట్టేది పెరిగినా రక్తనాళాలు బిగుసుకుని, మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా నిలుపుకొని, పీడనం పైస్థాయిలో స్థిరపడుతుంది.

ఇది వారసత్వంగా వస్తుందని చూపిన ముఖ్యమైన ఆధారం ఎలుకల నుంచి దొరికింది. జపాన్‌లోని క్యోటోలో ఒకమోటో, ఆవోకి అనే శాస్త్రవేత్తలు రక్తపోటు ఎక్కువగా ఉన్న ఎలుకలనే తరతరాలుగా జతకట్టించి, పుట్టిన కొద్ది వారాలకే రక్తపోటు పెరిగే జాతిని తయారుచేసి 1963లో ప్రకటించారు. ఈ ఎలుకల మెదడులో యాంజియోటెన్సిన్ పనిని అడ్డుకునే మందును నేరుగా ఎక్కిస్తే రక్తపోటు తగ్గింది. 1976లో, అప్పటికే నోబెల్ పొందిన అమెరికా శాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్ బృందం, అడ్రినలిన్‌ను తయారుచేసే ఎంజైము వాటి మెదడు కాండంలో (మెడుల్లా ఉండే భాగంలో) ఎక్కువగా ఉందని గమనించింది. అయినా మెదడు ఒక్కటే కారణమని తేల్చేయకూడదు. ఇలాంటి ఎలుకల మూత్రపిండాన్ని మామూలు ఎలుకకు అమర్చితే రక్తపోటు కూడా దానికి వెళ్లింది. మనుషుల్లో రక్తపోటు హెచ్చుతగ్గుల్లో సుమారు 30 నుంచి 50 శాతం జన్యువుల వల్లనని కుటుంబాల, కవలల పరిశీలనలు చెబుతున్నాయి. ఆ ప్రభావం ఒక్క జన్యువుది కాదు, ఒక్కొక్కటి స్వల్పంగా పనిచేసే వందలాది జన్యుస్థానాలది.

వారసత్వంగా వచ్చిన ఈ ధోరణికి ఉప్పు తోడైతే పరిస్థితి విషమిస్తుంది. ఉప్పుకు సులభంగా లొంగే ఎలుకల్లో మెదడు చుట్టూ ఉండే ద్రవంలో సోడియం పెరిగి, సింపథెటిక్ నాడులు మరింత చురుకవుతాయి. మన గోదావరి డెల్టాలో ఆవకాయ, మాగాయ, ఎండు చేపలు, రొయ్యపొట్టు, ఊరమిరపకాయలు, వడియాలు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఇవన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అది అంచు వరకే నింపిన ఒక టీ చెంచా మాత్రమే. కూరలో ఉప్పు తగ్గించి ఊరగాయ మానకపోతే ఫలితం ఉండదు.

మెదడు రసాయనాలకు మీరు ఏ పరీక్షా చేయించుకోనవసరం లేదు. పరికరంతో రక్తపోటు కొలిపించుకుంటే చాలు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేతిని గుండె ఎత్తున ఉంచి, కనీసం ఏడాదికొకసారి కొలిపించుకోండి. 120/80 దాటి పెరుగుతూంటే అప్పుడే ఉప్పు, బరువు, నడక మీద దృష్టి పెట్టండి.

మీ అన్నయ్యగారి మాట పొరపాటు. ప్రశాంతత మంచిదే కానీ, మెడుల్లా మన మాట వినదు కాబట్టి, అది మాత్రల స్థానాన్ని భర్తీ చేయదు. మెదడులోనే పనిచేసే మందులూ ఉన్నాయి, గర్భిణులకు ఇచ్చే మిథైల్‌డోపా, అలాగే క్లొనిడిన్ అనే మందు అలాంటివే. వీటిలో క్లొనిడిన్‌ను హఠాత్తుగా మానితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇంత చిన్న వయసులోనే మొదలైంది కనుక ఆయనకు మూత్రపిండాలు, అడ్రినల్ గ్రంథుల పరీక్షలు కూడా అవసరమేమోనని వైద్యుణ్ణి అడగమనండి.