రోజంతా క్యాబ్ సీట్లోనే ఉంటా, ఎక్సర్‌సైజ్ ఎప్పుడు చెయ్యాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. ఉప్పల్‌లో ఉంటాం, తొమ్మిదేళ్ల నుంచి క్యాబ్ నడుపుతున్నా. పొద్దున ఆరింటికి బండెక్కితే దిగేసరికి రాత్రి ఎనిమిది తొమ్మిది అవుతుంది. బరువు 86 కిలోలు, నడుము 39 ఇంచులు. మొన్న టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. మా నాన్నకి షుగర్ ఉంది. నాకు నడుం నొప్పి కూడా ఉంది. అందరూ ఎక్సర్‌సైజ్ చెయ్ అంటున్నారు గానీ జిమ్‌కి పోయే టైమ్ లేదు, డబ్బులూ లేవు. గోళీలు మొదలుపెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: ముందు గోళీల సంగతి చెప్తా. 6.2 అంటే మీకు షుగర్ ఇంకా రాలేదు, బోర్డర్‌లో ఉన్నారు. 5.7 నుంచి 6.4 దాకా ఈ బోర్డర్ కిందకే వస్తుంది, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ అంటాం. కాబట్టి మెడికల్ షాపులో అడిగేసి మీ అంతట మీరు గోళీలు మొదలుపెట్టొద్దు. మీలాగే బోర్డర్‌లో ఉన్నవాళ్ల మీద అమెరికాలో ఒక పెద్ద స్టడీ చేసి 2002లో బయటపెట్టారు. వారానికి 150 నిమిషాలు నడిచి, బరువులో 7 శాతం తగ్గడం టార్గెట్‌గా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీ వేసుకున్నవాళ్లలో 31 శాతమే తగ్గింది. మన చెన్నైలో చేసిన స్టడీ 2006లో వచ్చింది, అందులో లాభం అంత పెద్దగా కనపడలేదు, 28 శాతం చిల్లర, కానీ అక్కడ కూడా నడక, తిండి మార్పు గోళీకి ఏమాత్రం తీసిపోలేదు. మీ బరువుకి 7 శాతం అంటే ఆరు కిలోలు, అంతే.

మీకు ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మీ పనికి సంబంధించిందే. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ల గుండె జబ్బుల లెక్క తీశాడు. ఒకే బస్సు, ఒకే రూటు, కానీ రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువ. మన హైదరాబాద్‌లోనూ ఒకప్పుడు ఆ బస్సులు తిరిగాయి కదా, ఊహించుకోండి. ఆ కండక్టర్లు ఏ జిమ్‌కీ పోలేదు, డ్యూటీలోనే ఒళ్లు కదిలింది.

అసలు లోపల జరిగేది ఏంటంటే, మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే షుగర్‌ని ఎక్కువగా వాడుకునేది కండరాలే, అందులో తొడలు, పిక్కలు పెద్దవి. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే షుగర్‌ని లాక్కుంటుంది. మీరేమో మధ్యాహ్నం ప్లేట్ మీల్స్ తిని ఐదు నిమిషాల్లో మళ్లీ సీట్లో కూర్చుంటారు, ఇక ఆ షుగర్ ఎక్కడికి పోవాలి? అందుకే నేను మీకు చెప్పే మొదటి పని, తిన్న వెంటనే బుకింగ్ ఆన్ చెయ్యకండి, పది పదిహేను నిమిషాలు నడిచి అప్పుడు ఆన్ చెయ్యండి. రెండు పూటలా పదిహేను నిమిషాల చొప్పున ఇది చేస్తే వారానికి 150 నిమిషాలు దాటేసినట్టే. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత స్పీడులో నడవండి, అదే లెక్క.

మీకు టైమ్ లేదన్నారు, నిజమే, కానీ వెయిటింగ్ ఉంటుంది కదా. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ట్రిప్ కోసం గంటలు గంటలు సీటు వెనక్కి వాల్చి ఫోన్ చూస్తూ పడుకునే డ్రైవర్లని నేను చాలామందిని చూశా, వాళ్ల అలసట నాకు అర్థమవుతుంది, కొంచెంసేపు పడుకోండి, కానీ అందులో ఇరవై నిమిషాలు నాకివ్వండి. బండి టాప్ పట్టుకుని మడమలు పైకి లేపి దింపండి, పదిహేను సార్లు. డోర్ తీసి సీటు అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడండి, మళ్లీ కూర్చోండి, పది సార్లు. మొన్న ఓపీకి వచ్చిన మీ వయసు డ్రైవర్‌ని కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేవమన్నా, రెండుసార్లు వెనక్కి పడి మూడోసారి లేచాడు, పాపం చాలా బాధపడ్డాడు. తొడల్లో బలం అంతగా పోయింది. వారానికి రెండు రోజులైనా కండరాలకి పని పెట్టమని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తుంది. ఎండాకాలంలో మాత్రం ఎండలో చెయ్యొద్దు, బండి రేకు కూడా కాలిపోతుంది, నీడ చూసుకోండి. ఇంటి దగ్గర రోడ్డు మీద నడవడానికి వీల్లేకపోతే, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023లో స్కైవాక్ కట్టారు కదా, లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కి ఒక రౌండ్ వెయ్యండి.

నడుం నొప్పికి నాకు రెండు అనుమానాలు. ఒకటి, పర్సు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటున్నారా? గంటల తరబడి ఒక పక్క ఎత్తుగా ఉంటే నడుము, పిరుదు రెండూ లాగుతాయి, ఇవాళే ముందు జేబులోకి మార్చండి. రెండోది, గంటన్నర నడిపి దిగీ దిగగానే డిక్కీ తీసి కస్టమర్ సూట్‌కేస్ వంగి లాగేస్తారు. అంతసేపు కూర్చున్న నడుముకి ఆ క్షణం చాలా చెడ్డది. దిగాక ఒక నిమిషం నిలబడండి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని కొంచెం వెనక్కి వంగండి, తర్వాత మోకాళ్లు వంచి పెట్టె ఎత్తండి. కస్టమర్ ఒక నిమిషం ఆగుతాడు, ఏం కాదు.

నీళ్లు తాగడం మానెయ్యొద్దు, బాత్రూమ్ దొరకదని చాలామంది డ్రైవర్లు తాగరు, బంకుల్లో అడగండి. చాయ్‌లో చక్కెర సగానికి తగ్గించండి, రోజుకి ఆరు చాయ్‌లు తాగితే అదే పెద్ద లెక్క అవుతుంది.

బీపీ చూపించుకున్నారో లేదో రాయలేదు, నడక పెంచే ముందు బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యి లాగినా, ఆయాసం ఎక్కువైనా ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి పోండి, గ్యాస్ అనుకుని ట్రిప్ పూర్తి చెయ్యొద్దు. నడుం నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరి వచ్చినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చెయ్యకుండా చూపించుకోండి. అవేం లేకపోతే మూడు నెలల తర్వాత మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించండి, అప్పటికీ తగ్గకపోతే గోళీలు అవసరమా లేదా మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవచ్చు.