సీలింగు చట్టం, పెద్ద కుటుంబాలు, కౌలు కాగితం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలి వారసత్వ వివాదానికి జవాబిస్తూ ఒక కుటుంబం ఎంత వ్యవసాయ భూమి ఉంచుకోవచ్చో చెప్పే భూపరిమితి (సీలింగు) చట్టాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ వాక్యాన్ని పట్టుకుని విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు నుంచి వచ్చిన ఉత్తరాలతోనే ఈ సంచిక నిండిపోయింది. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కోరిన వారే ఎక్కువ కాబట్టి ఊళ్ళ పేర్లు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: మా వైపు మూడు తరాలుగా పదవుల్లో ఉన్న కుటుంబాలకు ఒక్కో ఇంటికి అరవై ఎకరాల దాకా మాగాణి ఉందని అందరూ చెప్పుకుంటారు. సీలింగు చట్టం ఉండగా ఇది ఎలా సాధ్యం? ఆ చట్టం రద్దయిందా? వీలైతే అలాంటి కుటుంబాల పేర్లు కూడా రాయండి. (తెనాలి)

జవాబు: రద్దు కాలేదు. 1973లో 1వ నంబరు చట్టంగా వచ్చి, 1975 జనవరి 1 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం నేటికీ ఉంది. రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూలులో చేర్చినందువల్ల కోర్టు సవాళ్ళ నుంచి దానికి కొంత రక్షణ కూడా ఉంది. అయినప్పటికీ మీరు చెప్పిన అరవై ఎకరాల కుటుంబం ఆ చట్టాన్ని ఎక్కడా మీరకుండానే ఆ భూమిని నిలబెట్టుకుని ఉండవచ్చు.

ఈ చట్టంలో కొలత ప్రమాణ కమతం. నేల తరగతిని, నీటి వసతిని బట్టి అది మాగాణిలో 10 నుంచి 27 ఎకరాల వరకు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాల వరకు ఉంటుంది. భార్యాభర్తలు, మైనరు కొడుకులు, పెళ్ళికాని మైనరు కూతుళ్ళు కలిసి ఒక కుటుంబం. అందులో అయిదుగురి వరకు ఒక ప్రమాణ కమతం, ఆ పైన ఒక్కో మనిషికి అయిదో వంతు చొప్పున కలుపుతూ పోయినా మొత్తం రెండు కమతాలు దాటకూడదు. ఇంతవరకు చట్టం గట్టిగానే ఉంది. అయితే 1977లో 4-ఎ సెక్షనును చేర్చి, దానికి 1975 నుంచే అమలు కల్పించారు. దాని ప్రకారం మేజరైన కొడుకు పేరున భూమి లేకపోయినా, పరిమితి కంటే తక్కువ ఉన్నా, ఆ తక్కువైన మేరకు తండ్రి పరిమితి పెరుగుతుంది. మీ ఊళ్ళో ప్రమాణ కమతం 15 ఎకరాలనుకుందాం. అప్పటికి మేజర్లయిన కొడుకులు ముగ్గురు ఉండి, వారి పేర భూమి లేకపోతే, ఆసామి తన 15 ఎకరాలకు తోడు మరో 45 ఎకరాలు ఉంచుకోవచ్చు. అంటే మీరు చెప్పిన అరవై. మేజరైన కూతుళ్ళు ఎందరున్నా ఈ లెక్కలో ఒక్క సెంటు కూడా పెరగదు. కూతురిని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో భాగస్వామిని చేసే సవరణ మన రాష్ట్రంలో వచ్చేసరికి 1986 అయింది.

ఇక రెండో దారి కాగితాలది. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదిలీలు పరిమితిని తప్పించుకోవడానికి చేసినవి కావని రుజువు చేసుకునే భారాన్ని చట్టం యజమాని మీదే పెట్టింది, 1972 మే 2 తర్వాత చేసిన వాటిని లెక్కలోకే తీసుకోలేదు. కానీ 1961లోనే ఒక సీలింగు చట్టం వచ్చి ఉంది కాబట్టి, ముందుచూపు గల కుటుంబాలకు పంపకం దస్తావేజులు రాసుకుని రిజిస్టరు చేయించుకోవడానికి పదేళ్ళ వ్యవధి దొరికింది. నేను గుంటూరులో జూనియరు ప్లీడరుగా చేరిన కొత్తలో మా సీనియరుగారి దగ్గర ఇలాంటి కట్టలు అలమర నిండా ఉండేవి. ఒక విచారణలో ఎనిమిది ఎకరాల సొంతదారుగా డిక్లరేషను ఇచ్చిన ఒక పాలేరును, నీ పొలానికి తూర్పు హద్దు ఎవరిదని అడిగారు. ఆయన జవాబు చెప్పకుండా వెనక బెంచీలో కూర్చున్న ఆసామి ముఖం వైపు చూశాడు. ఆ చూపును సాక్ష్యంగా నమోదు చేసే పద్ధతి ఏ ప్రొసీజరు కోడులోనూ లేదు.

పేర్లు నేను రాయను, రాయనవసరం కూడా లేదు. సుప్రీంకోర్టు 2002, 2003లలో ఇచ్చిన తీర్పుల తర్వాత ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ తన, తన జీవిత భాగస్వామి, తన మీద ఆధారపడిన వారి ఆస్తులను అఫిడవిట్‌లో చూపాలి. అందులో వ్యవసాయ భూమి సర్వే నంబరుతో సహా ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆధారపడని మేజరు కొడుకు ఆస్తి అందులో కనిపించదు. సీలింగు చట్టంలో తండ్రికి కలిసివచ్చిన కొడుకు, అఫిడవిట్‌కు వచ్చేసరికి వేరే మనిషి అయిపోతాడు.

ప్రశ్న: జై ఆంధ్ర ఉద్యమాన్ని భూస్వాములు సీలింగు భయంతో నడిపించారని మా కోచింగ్ మాస్టారు చెప్పారు. అది ఉద్యోగాల కోసం విద్యార్థులు చేసిన ఉద్యమమని, తాను లాఠీదెబ్బలు తిన్నానని మా తాతగారు అంటారు. పరీక్షలో ఏది రాయాలి? (విజయవాడ)

జవాబు: పరీక్షలో ఏది రాస్తే మార్కులు వస్తాయో చెప్పలేను కానీ, తేదీలు వరుసగా పెట్టుకుంటే విషయం మీకే తెలుస్తుంది. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు, తాను స్వయంగా వంగర భూస్వామి కుటుంబం నుంచి వచ్చినవారే అయినా, భూపరిమితిని తన ప్రధాన కార్యక్రమంగా పెట్టుకున్నారు. 1972 మే నెలలో భూముల బదిలీలకు అడ్డుకట్ట పడింది, సెప్టెంబరులో శాసనసభ బిల్లును ఆమోదించింది. తెలంగాణ స్థానికులకే ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ తర్వాత, అక్టోబరు 3న. ఎన్జీవోలు (గెజిటెడ్ కాని ప్రభుత్వ ఉద్యోగులు), విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది ఆ తీర్పు మీదే. తమ రాజధానిలో తామే పరాయివాళ్ళమయ్యామన్న బాధ నిజమైనదే కాబట్టి మీ తాతగారి మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. కానీ అదే ముఖ్యమంత్రి మీద మరో కారణంతో అప్పటికే కోపంగా ఉన్నవారు ఊరూరా ఉన్నారు, వారికి ట్రాక్టర్లు, మనుషులు, పలుకుబడి ఉన్నాయి. రెండు కమ్యూనిస్టు పార్టీలూ సమైక్య రాష్ట్రం వైపు నిలబడటంలో కూడా ఈ లెక్క కొంత ఉందని నా అభిప్రాయం. పి.వి. రాజీనామా చేశారు, 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. అప్పటికే రాష్ట్రపతి ఆమోదం పొందిన సీలింగు చట్టం అమలుకు రావడానికి మాత్రం ఇంకో రెండేళ్ళు పట్టింది. మాస్టారి మాటలో నిజమంటూ ఉంటే ఆ రెండేళ్ళలో వెతకండి.

ప్రశ్న: తెలంగాణలో దొరలు, గడీలు ఉండేవి. మన డెల్టాలో అందరూ నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైతువారీ పట్టాదారులే. ఇక్కడ భూసంస్కరణ గురించి మాట్లాడటం అనవసరం కాదా? (రేపల్లె)

జవాబు: అందరూ అనడం సరికాదు. గుంటూరు సీమలో జమీందారీలు పందొమ్మిదో శతాబ్దంలోనే బకాయిల కింద చాలావరకు సర్కారు పరమైన మాట నిజం. అమరావతి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో మరణించాక ఆ సంస్థానం వ్యాజ్యాలతో చితికిపోయింది. కానీ కృష్ణకు ఈవల చల్లపల్లి, నూజివీడు జమీందారీలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వరకు నడిచాయి. రద్దయినప్పుడు కూడా జమీందారు సొంత కమతంగా రుజువు చేసుకున్న భూమికి ఆయనకే పట్టా దక్కింది. ఆ తర్వాత చల్లపల్లి రాజావారు శాసనసభకు ఎన్నికయ్యారు, ఆ ఎస్టేటు భూముల మీద కమ్యూనిస్టులు ఏళ్ళ తరబడి పోరాటం చేశారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం ఆచార్య ఎన్.జి. రంగాగారి జీవితంలో ఉంది. నిడుబ్రోలు నుంచి రైతు ఉద్యమాన్ని నిర్మించి, జమీందారీలను కదిలించిన వారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. 1937లో రెవెన్యూ మంత్రి అయిన టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దున్నే రైతే భూమికి హక్కుదారని 1938లో నివేదిక ఇవ్వడానికి కావలసిన ఒత్తిడి ఇలాంటి ఉద్యమాల నుంచే వచ్చింది. అదే రంగాగారు 1959లో కాంగ్రెస్ నాగపూరు మహాసభ సీలింగును, సహకార సేద్యాన్ని తీర్మానించినప్పుడు ఎదురుతిరిగి, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకు అలా కనిపించదు. ఆయన మొదటి నుంచీ పట్టాదారు రైతు పక్షమే. జమీందారు పోయాక ఆ పట్టాదారుకు ఎదురుగా నిలబడింది కౌలుదారు, కూలివాడు. వారి తరఫున అంత పెద్ద గొంతు మన డెల్టాలో కాంగ్రెస్ లోపల లేదు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి నీళ్ళు వచ్చాక ఇక్కడ పదిహేను ఎకరాలే గట్టి ఆస్తి. ఆ మిగులుతో రైసుమిల్లు, పొగాకు బ్యారను, సినిమా హాలు, తర్వాత కాలేజీ, కాంట్రాక్టు వచ్చాయి. సహకార బ్యాంకు అధ్యక్ష పదవి, పంచాయతీ సమితి వాటి వెంటే వచ్చాయి. రాజకీయ కుటుంబానికి బలం ఎకరాల సంఖ్యలోనే ఉంటే సీలింగు దానిని తగ్గించగలిగేది. కానీ 1975 నాటికే ఆ బలం కాలువ నీటిలోకి, అప్పులోకి, లైసెన్సులోకి వెళ్ళిపోయింది. సీలింగు చట్టం వీటిలో దేనినీ కొలవదు. ఇది నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని వారి ఉత్తరాలు కూడా అచ్చు వేస్తాము.

ప్రశ్న: రాజకీయ కుటుంబాలే భూసంస్కరణలు చేయడం, వాటిని తప్పించుకోవడం మన దగ్గరే ఉందా? (మంగళగిరి)

జవాబు: లేదు. పాకిస్తాన్‌లో 1959లో అయూబ్ ఖాన్ నీటి వసతి గల భూమికి 500 ఎకరాల పరిమితి పెట్టారు. తానే లార్కానా భూస్వామి అయిన భుట్టో దానిని 1972లో 150కి తగ్గించారు. కానీ పరిమితి కుటుంబానికి కాక మనిషికి కావడం వల్ల భార్య, పిల్లలు, మేనల్లుళ్ళ పేర్లు సరిపోయాయి. ఫిలిప్పీన్స్‌లో 1988 చట్టం యజమానికి 5 హెక్టార్లతో పాటు, సేద్యం చూసుకునే ఒక్కో బిడ్డకు మరో 3 హెక్టార్లు ఇచ్చింది. అది మన 4-ఎ సెక్షనుకు దగ్గరి చుట్టం. ఆ చట్టం తెచ్చిన అధ్యక్షురాలు కొరజాన్ అకీనో పుట్టింటివారి చెరుకు ఎస్టేటులో కూలీలకు భూమికి బదులు కంపెనీ వాటాలు ఇచ్చారు. భూమినే పంచాలని 2012లో సుప్రీంకోర్టు తేల్చేవరకు ఆ వివాదం సాగింది.

ప్రశ్న: నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. వరికి ఎకరానికి 22 బస్తాలు మక్తా (ముందే ఖాయం చేసిన కౌలు), మినుము నాది. ఆసామి హైదరాబాదులో ఉంటారు. సాగు హక్కు కార్డుకు సంతకం పెట్టమంటే, పెడితే భూమి నీదైపోతుందని పెట్టడం లేదు. ఆ కుటుంబానికి పరిమితికి మించి భూమి ఉందని విన్నాను. ఫిర్యాదు చేస్తే ఆ మిగులు నాకు వస్తుందా? (కొల్లూరు)

జవాబు: ఫిర్యాదు చేయవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. భూసంస్కరణల ట్రిబ్యునలు, జిల్లా స్థాయి అప్పీలు, హైకోర్టు రివిజను దాటి ఆ భూమి మిగులుగా తేలేసరికి మీ పిల్లలు పెద్దవాళ్ళవుతారు. తేలినా అది మీకే ఇవ్వాలని లేదు.

మీ అవసరం కాగితం. మీ మండలంలోనే ఉన్న అనంతవరంలో పుచ్చలపల్లి సుందరయ్యగారు 1974లో ఇంటింటి సర్వే చేయించారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆర్థికవేత్తలు అదే ఊరిని మళ్ళీ సర్వే చేసినప్పుడు, సొంత పొలం లేని ఇళ్ళే ఎక్కువని, కౌలు భారం తీవ్రంగా ఉందని తేలింది. విజయవాడ పక్కనుంచి వచ్చిన మంత్రి కోనేరు రంగారావుగారి భూమి కమిటీ 2006లో 104 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. 2011లో రుణ అర్హత కార్డు, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టంలోని ఇబ్బంది మీకు అనుభవమే: 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తేనే కార్డు. పశ్చిమ బెంగాల్‌లో 1978 నుంచి సాగిన ఆపరేషన్ బర్గాలో అధికారులు సాయంత్రం వేళ ఊళ్ళోనే సమావేశం పెట్టి, అందరి ముందు అడిగి, 14 లక్షలకు పైగా పాలుదారుల పేర్లు రాశారు. మన దగ్గర అదే పని యజమాని దయకు వదిలేశారు. కేంద్రం ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయల కిసాన్ సమ్మాన్ కూడా పట్టా ఉన్నవారికే వెళుతుంది.

మీ ఆసామి గారికి ఫోనులో వాదించకుండా, ఆ కార్డు యాజమాన్య హక్కును తాకదని, 11 నెలలకు దాని చెల్లుబాటు ముగుస్తుందని చట్టంలోనే ఉన్న సంగతిని తెలుగులో రాసి పంపండి. ఆయన భయం కూడా పూర్తిగా కల్పన కాదు. కౌలుదారు చట్టం కింద ఏళ్ళ తరబడి కోర్టులో తిరిగిన చిన్న ఆసాములను నేను చూశాను. అప్పటికీ సంతకం పెట్టకపోతే, మక్తా ధాన్యం ఇచ్చిన ప్రతిసారీ బస్తాల లెక్కతో రసీదు అడగండి, డబ్బుగా ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఊళ్ళోని మరికొందరు కౌలు రైతులతో ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడితే బ్యాంకు అప్పు గురించి అడగడానికి దారి ఉంటుంది. ముందుగా మాత్రం రైతు సేవా కేంద్రానికి వెళ్ళి ప్రభుత్వ పంటల నమోదు అయిన ఈ-పంటలో సాగుదారుగా మీ పేరు రాయించుకోండి. చేలో నిలబెట్టి ఫొటో తీసే రోజున ఆసామి తరఫు మనిషి కాకుండా మీరే అక్కడ ఉండేలా చూసుకోండి.